పాముకాటు: ఇంటి జాగ్రత్త ఎంత, ఆసుపత్రి బాధ్యత ఎంత?

(ఘంటసాలలో మహిళా సంఘాల కార్యకర్తలు, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ ఆరోగ్యం గురించి, ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట ఎత్తగానే మనందరికీ కంఠతా వచ్చిన పాఠం ఒకటుంది. నీళ్ళు కాచి తాగండి, చేతులు కడుక్కోండి, పిల్లలకు టీకాలు వేయించండి, దోమతెర కట్టుకోండి. అన్నీ మంచి మాటలే. కానీ ఈ మాటలన్నీ ఎవరితో చెబుతున్నట్టుంటాయో గమనించారా? ఇంటి ఆడమనిషితో. ఇంట్లో ఎవరికి ఏమైనా జాగ్రత్త తీసుకోనిది ఆమే అవుతుంది. కాలవ నీరు ఎందుకు చెడింది, ఆసుపత్రిలో మందు ఎందుకు లేదు అని అడిగే పాఠం మాత్రం గోడల మీద ఎక్కడా కనబడదు.

అందుకని ఈ రోజు ఒక్క విషయమే తీసుకుంటాను. ఈ నేల మీద ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ ప్రతి ఇల్లూ భయపడే విషయం - పాముకాటు. ఇందులో మనం పడవలసిన జాగ్రత్త ఎంత, ప్రభుత్వం నుంచి మనకు రావలసింది ఎంత అన్నది విడదీసి చూద్దాం.

2018 ఆగస్టు ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. దివిసీమలో వరుసగా పాముకాట్లు. అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి రోజూ బాధితులు వస్తూనే ఉన్నారు. పత్రికలు, టీవీలు అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో దేవాదాయ శాఖ ఆధ్వర్యంలో సర్పశాంతి యాగం జరిగింది. భక్తి సంగతి నేను మాట్లాడబోవడం లేదు. మోపిదేవి స్వామిని సంతానం కోసం మొక్కుకునేదీ, నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోసేదీ మనమే. (పాము పాలు తాగదు గానీ ఆ తగవు ఇప్పుడు వద్దు.) నేను అడిగేది ఒకటే. ఆ యాగం సంగతి ఇప్పటికీ అందరికీ గుర్తుంది. ఆ నెలలో మన మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము విషానికి విరుగుడు మందు ఎన్ని సీసాలు ఉన్నాయో మనలో ఎవరికైనా తెలుసా? ఈ నెలలో ఎన్ని ఉన్నాయో తెలుసా? యాగానికి ప్రభుత్వ యంత్రాంగం కదిలిందంటే ఇది ఒక్క ఇంటి దురదృష్టం కాదు, ప్రజా సమస్య అని ఒప్పుకున్నట్టే కదా. ఒప్పుకున్నప్పుడు లెక్క చెప్పాలి.

లెక్క అన్నాను కాబట్టి దేశం లెక్క చూద్దాం. పాముకాటుతో దేశంలో ఎంతమంది పోతున్నారని అడిగితే చాలాకాలం ప్రభుత్వాలు ఆసుపత్రి రికార్డుల్లో ఉన్న చావులే చెప్పేవి. 2011లో ఒక పెద్ద అధ్యయనం బయటికొచ్చింది. ఆసుపత్రులకు కాకుండా, ఇళ్ళకు వెళ్ళి ‘మీ ఇంట్లో మనిషి ఎలా పోయారు’ అని అడిగి రాసుకున్న వివరాల మీద చేసినది. ఒక్క 2005లోనే దాదాపు 46 వేల మంది పాముకాటుతో చనిపోయారని దానిలో తేలింది. ఆసుపత్రి లెక్కల కంటే అది 30 రెట్ల పైమాట. అందులో 5,200 మంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్ళు, ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే. చనిపోయినవారిలో నూటికి 97 మంది పల్లెటూళ్ళవారు. నూటికి 77 మంది ఆసుపత్రి బయటే పోయారు. ఆడవాళ్ళు నూటికి 41. 2020లో అచ్చయిన మరో అధ్యయనం 2000 నుంచి 2019 వరకు 12 లక్షల మంది పోయారని అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు.

ఇంతమంది పోతున్నా ఇది ‘జబ్బు’ల జాబితాలోకి ఎక్కడానికి ఎన్నాళ్ళు పట్టిందో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది 2017లో. మన కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామంటూ జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది 2024 మార్చిలో. అదే ఏడాది నవంబరులో, ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేసేలా నిబంధన పెట్టమని రాష్ట్రాలకు రాసింది. పట్నం వాళ్ళను కరిచే జబ్బయితే ఇన్నేళ్ళు పట్టేదా అని నాకు అనుమానం.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో మనకు అన్నిటికంటే ప్రమాదమైనది కట్లపాము. తాచు పడగ విప్పుతుంది, బుస కొడుతుంది, మనిషికి తెలుస్తుంది. రక్తపింజరి కరిస్తే వెంటనే విపరీతమైన నొప్పి, వాపు. కట్లపాము అలా కాదు. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్న వాళ్ళ పక్కలోకి వస్తుంది, కరిచినా చాలామందికి తెలియదు. కోరల గాటు కనబడకపోవచ్చు, వాపూ ఉండదు. తెల్లవారుజామున కడుపులో నొప్పితో లేస్తారు. రాత్రి తిన్నది అరగలేదనుకుంటాం. వాము నీళ్ళు ఇస్తాం, సోడా తాగిస్తాం. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, నిద్రమత్తు అనుకుంటాం. మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. ఆ తర్వాత ఊపిరి అందదు. అందుకే మీ మీ ఊళ్ళలో చెప్పవలసిన మాట ఇది: వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి, పిల్లయినా పెద్దయినా, తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి, రెప్పలు ఎత్తలేకపోతే, గాటు కోసం వెతక్కండి. పాముకాటు అనుకుని బయలుదేరండి.

దీనికి దోమతెర మంచి రక్ష. నేపాల్ ఆగ్నేయ ప్రాంతపు పల్లెల్లో చేసిన ఒక పరిశోధన 2007లో అచ్చయింది. దోమతెరలో పడుకున్నవాళ్ళకు పాముకాట్లు బాగా తక్కువని అందులో తేలింది. అయితే తెర అంచులు పరుపు కిందికో చాప కిందికో దోపాలి. ఊరికే వేలాడేస్తే పాము లోపలికొచ్చాక బయటికి పోలేక ఇంకా చిక్కు. మంచం ఉంటే మంచం మీద పడుకోవడం మేలు. ఇక్కడే ఆగి ఒక మాట అడగాలి. ఇంట్లో ఒకటే మంచం ఉంటే దాని మీద ఎవరు పడుకుంటున్నారు? ఎవరు చాప వేసుకుని వంటింటి గుమ్మం దగ్గర పడుకుంటున్నారు? ఈ ప్రశ్న మీ ఇళ్ళలోనే వేసుకోండి, నాకు సమాధానం చెప్పనక్కరలేదు.

పాము ఇంట్లోకి మన కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ధాన్యం బస్తాలు, మినుముల బస్తాలు గోడకు ఆనించి నేల మీద పెడితే ఎలుక చేరుతుంది. గడ్డివామి, పిడకల గూడు, కట్టెల మోపు ఇంటికి ఆనుకుని ఉంటే ఎలుకకూ పాముకూ అదే ఇల్లు. కోళ్ళగూట్లో చీకట్లో చెయ్యి పెట్టి గుడ్లు వెతికేది ఎవరు? మనమే. చేతికర్రతో ఒకసారి తట్టి, లైటు వేసి చూసి చెయ్యి పెట్టండి. వరదొచ్చినప్పుడు మనతో పాటు పాములూ మెరక వెతుక్కుంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చి లంక ఊళ్ళు మునిగినప్పుడు ఇళ్ళు విడిచి వెళ్ళినవాళ్ళు నీరు తీశాక తిరిగొచ్చారు. అలా వచ్చి ఇల్లు కడుక్కునేటప్పుడు తడిసిన సామాను కింద చెయ్యి పెట్టేదీ ఆడవాళ్ళే.

మరుగుదొడ్డి సంగతి వేరే చెప్పాలా? చీకటి పడేదాకా బిగబట్టుకుని కాలవగట్టుకు పోయే ఆడదానికి ‘రాత్రిపూట గడ్డిలో నడవకండి’ అని కరపత్రం పంచితే ఏం లాభం? ఊళ్ళో మరుగుదొడ్లు కట్టారని కాగితాల మీద ఉంటుంది. వాటిలో నీళ్ళొస్తున్నవి ఎన్ని, తలుపున్నవి ఎన్ని అని లెక్క రాస్తే అది కూడా పాముకాటు పనే.

పొలం సంగతికొస్తే, పైవాళ్ళు మొదట ఇచ్చే సలహా బూట్లు వేసుకోమని. ఈ సలహా రాసినాయన దమ్ము చేసిన మడిలోకి ఎన్నడూ దిగలేదని తెలిసిపోతూనే ఉంది. మోకాటి లోతు బురదలో బూటు ఒక అడుగు వేస్తే రెండో అడుగుకు ఊడి అక్కడే ఉంటుంది. ఊడ్పుల్లో బూట్లు కుదరవు. కానీ కుదిరే పనులున్నాయి. గట్ల మీద గడ్డి కోసేటప్పుడు, కోత కోసిన పనలు తిప్పి మోపులు కట్టేటప్పుడు, మాగాణి మినుము పీకేటప్పుడు నేల ఆరి ఉంటుంది. అప్పుడు బూటు పనికొస్తుంది. అన్నిటికంటే పనల దగ్గర జాగ్రత్త. కోసి పరిచిన పన కింద ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాములు. నేరుగా చెయ్యి వెయ్యకుండా కొడవలి కొనతోనో కర్రతోనో ముందు కదిపి ఎత్తాలి. ఆకుమడి గట్లు, బోదెల పక్క తుప్పలు పని మొదలెట్టే ముందే కొట్టించాలి. అది రైతు ఖర్చు, కూలి ఖర్చు కాదు. బూట్లయినా, గట్టి చేతితొడుగులయినా అంతే. ముఠా మేస్త్రి ఎకరానికి ఇంత అని ఊడ్పులు మాట్లాడుకునేటప్పుడు టీ డబ్బులు, ఆటో డబ్బులు అడుగుతాడు. పాము కరిస్తే ఆసుపత్రికి బండి ఎవరిది, ఆ రోజు కూలి ఎవరిస్తారు అన్నది కూడా ఆ మాటల్లోనే తేల్చుకోవాలి. పొలాల్లో ఎలుకలు పట్టడానికి పిలిచే యానాది కుటుంబాల సంగతి మరీ అన్యాయం. పాముల్ని మన ఇళ్ళ నుంచి దూరంగా ఉంచే పని వాళ్ళు చేస్తున్నారు, ఎలుక బొరియలో చెయ్యి పెట్టేదీ వాళ్ళే. వాళ్ళ గూడేనికి మన సంఘాల్లో ఎన్ని వెళ్తున్నాయి?

సరే, పాము కరిచింది. ఏం చెయ్యాలి?

ముందు చెయ్యకూడనివి. కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పొయ్యకూడదు. గట్టిగా తాడు కట్టకూడదు. రక్తం ఆడక ఆ కాలో చెయ్యో పాడవుతుంది. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, ఆసుపత్రిలో డాక్టరు చూస్తూ విప్పాలి. మనిషిని నడిపించకూడదు. కాలు విరిగితే బద్ద కడతామే, అలా కరిచిన భాగం కదలకుండా బద్ద పెట్టి వదులుగా కట్టాలి. పామును వెతికి చంపడానికి మగవాళ్ళంతా కర్రలతో పరుగెత్తుతారు, బండి నడిపేవాడు కూడా వాళ్ళతోనే పోతాడు. పామును పట్టుకెళ్ళనక్కరలేదు. మన దగ్గర దొరికే విరుగుడు మందు తాచుకూ, కట్లపాముకూ, రక్తపింజరికీ, చిన్న పింజరికీ ఒక్కటే.

ఇంకొకటి మనవాళ్ళు ఒప్పుకోనిది. కరిచిన చేతికి గాజులు, ఉంగరాలు, కాలికి పట్టీలు, మెట్టెలు వెంటనే తీసెయ్యాలి. వాపొస్తే అవే తాళ్ళలా బిగుసుకుంటాయి. ‘బంగారంలాంటి మొగుణ్ణి పెట్టుకుని గాజులు తీయమంటావేంటమ్మా’ అని అత్తగారో పక్కింటి పెద్దమ్మో అడ్డుపడతారు. ఆ నిమిషంలో వాదన కుదరదు. అందుకని ఆ మాట ముందే, పాము లేనప్పుడే, సంఘం మీటింగులో పెద్దవాళ్ళ చేతనే అనిపించాలి.

మంత్రగాడి దగ్గర బతికారు కదా అంటారు. బతుకుతారు. నీరుకట్టె, జెర్రిపోతు లాంటి విషం లేనివి కరిచినా పాముకాటే. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కించదు. వాళ్ళందరూ మంత్రం వేసినా బతుకుతారు, వెయ్యకపోయినా బతుకుతారు. విషం ఎక్కిన మనిషి మాత్రం ఆ గంటసేపట్లో చేజారిపోతుంది. మంత్రగాణ్ణి తిట్టి లాభం లేదు. ‘మంత్రం ఆసుపత్రికి పోతూ దారిలో వెయ్యి బాబాయ్’ అనగలిగితే చాలు.

బండి గురించి ఒక మంచి ఉదాహరణ ఉంది. నేపాల్లోనే, అంబులెన్సు అందని ఊళ్ళలో మోటారుసైకిలున్న కుర్రాళ్ళ పేర్లు రాసుకుని వంతులు వేసుకున్నారు. కరిచిన మనిషిని నడిపేవాడికీ, వెనక పట్టుకునేవాడికీ మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం. దానితో పాటే ఊళ్ళో ప్రచారం. అక్కడ పాముకాటుకు గురైనవారిలో మరణాలు నూటికి పది పైచిలుకు ఉండేవి, ఒకటి కంటే తక్కువకు పడిపోయాయి. మనకు 108 ఉంది. 2005 నుంచి ఉంది. దానికి ఫోను చెయ్యండి. కానీ అది రావడానికి పట్టే సమయంలో ఊరి బండే ముందు చేరుతుందనుకుంటే ఆగకండి. పాముకాటుకు 15400 అనే సలహా నంబరును కొన్ని రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా పెట్టారు, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఎక్కడికి తీసుకుపోవాలి? దగ్గర్లో మందూ డాక్టరూ ఉన్నచోటికి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు ఉండాలన్నది ప్రభుత్వం రాసుకున్న ప్రమాణమే. పొడి రూపంలో వచ్చే మందుకు ఫ్రిజ్ కూడా అక్కరలేదు, కరెంటు పోతుంది కాబట్టి పెట్టలేదనడానికి వీల్లేదు. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే పరీక్షకు కావలసింది ఒక శుభ్రమైన పొడి గాజు గొట్టం, 2 మిల్లీలీటర్ల రక్తం, 20 నిమిషాల ఓపిక. అంతకంటే పరికరమేమీ లేదు. మందు రక్తనాళంలోకే ఎక్కిస్తారు. మొదటి మోతాదు సాధారణంగా 10 సీసాలు, పిల్లలకూ పెద్దలకూ ఒకటే. పిల్లకు సగం చాలు అనడం తప్పు, ఎందుకంటే పాము పిల్లని చూసి సగం విషం వెయ్యదు. గర్భిణీకీ, పాలిచ్చే తల్లికీ కూడా ఇవ్వాలి. మందు పడక దద్దుర్లు, ఆయాసం రావచ్చు, దానికి ఇంజెక్షను పక్కనే సిద్ధంగా పెట్టుకుని ఎక్కిస్తారు. ఆ భయంతో అసలు మందే ఎక్కించకుండా ‘మచిలీపట్నం తీసుకెళ్ళండి’ అని చీటీ రాసివ్వడం మాత్రం ఒప్పుకోకూడదు. మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, నిజమే. వెంటిలేటరో డయాలసిస్సో కావలసి వస్తే అలాంటి పెద్దాసుపత్రికి పోవలసిందే. కానీ విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి మోతాదు ఇక్కడ ఎక్కించి పంపాలి. ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలో ఉంచి చూడాలి. రక్తపింజరి అయితే ఒంటికి తగ్గుతుందో లేదో చూస్తాం, మూత్రం తగ్గిందా, ఎర్రగా వస్తోందా అన్నది చూడం. కిడ్నీ దెబ్బతిన్నట్టు మొదట తెలిసేది అక్కడే. ఆడమనిషి ఈ మాట మగ డాక్టరుతో చెప్పడానికి సిగ్గుపడుతుంది. పక్కనున్న మనం అడిగి చెప్పాలి.

‘ఇక్కడ కాదు, ఇంకో చోటికి పోండి’ అన్న మాట మీద సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. పశ్చిమ బెంగాల్లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు పడక లేదనీ, సౌకర్యం లేదనీ తిప్పి పంపాయి. వ్యవసాయ కూలీల సంఘం అతనితో కలిసి కోర్టుకెక్కింది. అత్యవసరంలో సకాలంలో వైద్యం అందకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేననీ, డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోలేదనీ కోర్టు చెప్పింది. ఆ కేసు నడిపింది లాయర్ల క్లబ్బు కాదు, మనలాంటి కూలీల సంఘం. ఆ సంగతి మర్చిపోవద్దు.

ఆఖరుగా కాగితాల గురించి. ఎవరికీ ఇష్టం లేని విషయం, కానీ మన దగ్గర ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

పాముకాటుతో మనిషి పోతే చాలా ఊళ్ళలో ఆ పూటే దహనం చేసేస్తారు. పోలీసులు, పోస్టుమార్టం అంటే భయం. అది సహజమే. కానీ జంతువు వల్ల చనిపోయినా విచారణ జరపవలసిన బాధ్యత పోలీసులకు చట్టంలోనే ఉంది. వెనక ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షను, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 194. ఆ కాగితం లేకపోతే ఆ చావు ఏ లెక్కలోనూ ఉండదు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు కోసుకుంటారు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. పాముకాటు కూడా ప్రమాదమే. కానీ నిబంధన ఏమంటుందంటే, పాముకాటు అని చూపించే ఆసుపత్రి రికార్డు వెంటనే రాసినది ఉండాలి. అంటే మంత్రగాడి అరుగు మీద పోయిన మనిషి ఇంటివాళ్ళకు ఆ డబ్బు రావడం కష్టం. ఆసుపత్రికి చేర్చడం ప్రాణం కోసం, అది దక్కకపోతే వెనక మిగిలిన పిల్లల కోసం.

ఓపీ చీటీ మీద ‘పాముకాటు’ అని రాయించండి. ‘తెలియని పురుగు కాటు’ అని రాస్తే అడిగి, జరిగింది చెప్పి మళ్ళీ రాయించుకోండి. కరిచిన టైము, వచ్చిన టైము, ఎన్ని సీసాలు ఎక్కించారు అన్నవి ఉండేట్టు చూడండి. మీ ఖాతాలో ప్రతి ఏడూ జూన్ ఒకటికి ముందు ఆ 20 రూపాయలు నిల్వ ఉండాలి. లేకపోతే బీమా ఆగిపోతుంది, ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. డ్వాక్రా సంఘంలో పొదుపు పుస్తకాలు చూస్తాం కదా, మే నెల మీటింగులో ఒక్కొక్కరి పాసుపుస్తకంలో ఈ పద్దు కూడా చూడండి. మామగారి పేరు మీదో భర్త పేరు మీదో ఉండి, ఊడ్పులకు వెళ్ళే కోడలి పేరు మీద బీమా లేని ఇళ్ళు ఎన్ని ఉన్నాయో అప్పుడు బయటపడుతుంది.

జూన్‌లో ఊడ్పులు మొదలయ్యే ముందు, నవంబరులో కోతలకు ముందు, ప్రతి ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మందు ఎన్ని సీసాలున్నాయి, గడువు తేదీ ఏది, రాత్రి డ్యూటీ ఎవరిది అని అడిగి రాసుకు రండి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలతో గొడవ పెట్టుకోకండి, వాళ్ళూ మనలాంటి ఆడవాళ్ళే, మందు తెప్పించే అధికారం వాళ్ళ చేతిలో లేదు. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. రాసుకొచ్చిన లెక్కలు ఊరివారీగా ఒక పుస్తకంలో ఎక్కించి, కలెక్టరుగారి సోమవారం అర్జీల రోజున మచిలీపట్నం తీసుకుపోదాం. ఏ ఊరి నుంచి ఎవరు వస్తారో ఇప్పుడే పేర్లు ఇవ్వండి. ఆ తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.